‘ఎ గూఫీ మూవీ’ (1995): హాస్యపాత్ర తండ్రిగా మారిన తీరు – పునఃపరిశీలన

వ్యాససంగ్రహం:

టెలివిజన్ కార్టూన్ ధారావాహికల ఆధారంగా వచ్చిన యానిమేషన్ చలనచిత్రాలను విమర్శకులు తరచుగా ‘సాగదీసిన భాగాలు’గానే పరిగణించారు. డిస్నీ సంస్థ 1995లో విడుదల చేసిన ‘ఎ గూఫీ మూవీ’ ఈ అభిప్రాయానికి చెప్పుకోదగిన మినహాయింపు. ‘గూఫ్ ట్రూప్’ అనే ధారావాహికలో కేవలం నవ్వు పుట్టించిన గూఫీ తడబాటు, ఈ చిత్రంలో కొడుకు అనుభవించే సిగ్గుకు కారణమైంది. పాత్ర స్వభావం మారకుండా, దానిని చూసే దృష్టికోణం మారడం వల్లనే చిత్రం స్వతంత్రకృతిగా నిలిచిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు భారతీయ అలంకారశాస్త్రంలోని హాస్య, వత్సల రసాల భావనలను విశ్లేషణ పరికరాలుగా వినియోగించుకుంటుంది.

కీలకపదాలు: యానిమేషన్ చిత్రం, గూఫీ, టెలివిజన్ ధారావాహిక, అనుసరణ, హాస్యం, వాత్సల్యం, తండ్రీకొడుకులు, వారసత్వం.

1. ప్రవేశిక:

ధారావాహిక కార్టూన్‌కు, చలనచిత్రానికి మధ్య ఉన్న భేదం నిడివికి మాత్రమే సంబంధించినది కాదు. ధారావాహికలో ప్రతి భాగం చివర పాత్రలు తిరిగి తొలిస్థితికి చేరుకుంటాయి. నిన్న కూలిన ఇల్లు నేడు యథాతథంగా నిలిచి ఉంటుంది. నిన్నటి తగవు నేడు ఎవరికీ గుర్తుండదు. ప్రేక్షకుడు ఏ రోజు చూసినా కథ అర్థం కావాలన్న ప్రసార అవసరం నుండి ఏర్పడిన నియమమిది. చలనచిత్రంలో మాత్రం జరిగిన ప్రతి సంఘటనకూ ఫలితం ఉండాలి. ఆరంభంలో ఉన్న పాత్ర ముగింపులోనూ అలాగే ఉంటే కథ జరగలేదనే భావించవలసి వస్తుంది.

ఈ భేదాన్ని అధిగమించే ప్రయత్నాలు 1960ల నుండి కనిపిస్తాయి. హన్నా-బార్బెరా సంస్థ ‘హే దేర్, ఇట్స్ యోగి బేర్’ (1964), ‘ది మ్యాన్ కాల్డ్ ఫ్లింట్‌స్టోన్’ (1966) చిత్రాలను తన టెలివిజన్ పాత్రలతోనే నిర్మించింది. 1990లో ‘జెట్సన్స్: ది మూవీ’, డిస్నీ వారి ‘డక్‌టేల్స్’ చిత్రం వెలువడ్డాయి. సాధారణంగా ఇలాంటి చిత్రాలు సాహసయాత్రనో, గూఢచర్యాన్నో జోడించి కథ పరిధిని పెంచుతాయి. అంటే బయటి ప్రపంచాన్ని పెద్దది చేస్తాయి. ‘ఎ గూఫీ మూవీ’ మాత్రం ఇద్దరు వ్యక్తులను ఒక కారులో కూర్చోబెట్టి, వారి మధ్య ఉన్న దూరాన్నే కథావస్తువుగా స్వీకరించింది. ఈ వ్యాసం ఆ ఎంపిక ఫలితాలను పరిశీలిస్తుంది.

2. గూఫీ పాత్ర – పూర్వరంగం:

గూఫీ తొలిసారి 1932లో ‘మిక్కీస్ రెవ్యూ’ అనే లఘుచిత్రంలో ప్రేక్షకుల మధ్య కూర్చుని వింతగా నవ్వే ఒక చిన్న పాత్రగా కనిపించాడు. అప్పట్లో అతనిని ‘డిప్పీ డాగ్’ అని పిలిచేవారు. పింటో కోల్విగ్ ఇచ్చిన గొంతు, ఆ నవ్వు అతనికి గుర్తింపును తెచ్చాయి. ఇక్కడ ఒక విషయాన్ని గమనించాలి. గూఫీకి రూపం కన్నా, పేరు కన్నా ముందుగా స్థిరపడిన లక్షణం అతని నవ్వు. ఆ తరువాత ఆర్ట్ బాబిట్ వంటి యానిమేటర్లు అతని నడకకు, ఆలోచనలోని మాంద్యానికి ఒక తర్కాన్ని కల్పించి పాత్రను తీర్చిదిద్దారు.

1950ల ప్రారంభంలో జాక్ కిన్నీ దర్శకత్వంలోని లఘుచిత్రాలు గూఫీని అమెరికన్ మధ్యతరగతి గృహస్థుగా మార్చాయి. ‘ఫాదర్స్ ఆర్ పీపుల్’ (1951) వంటి చిత్రాలలో అతనికి భార్య, చిన్న కొడుకు ఉన్నారు. అంటే తండ్రి పాత్ర గూఫీకి 1990లలో కొత్తగా అంటగట్టినది కాదు. అయితే ఆ లఘుచిత్రాలలో కథ అంతా తండ్రి పాట్లకు సంబంధించినది. పిల్లవాడు ఆ పాట్లకు నిమిత్తమాత్రుడు.

1992లో వచ్చిన ‘గూఫ్ ట్రూప్’ ధారావాహిక 78 భాగాలుగా ప్రసారమైంది. ఇందులో గూఫీ భార్య లేని తండ్రి. కొడుకు మ్యాక్స్‌తో కలిసి స్పూనర్‌విల్ అనే ఊరిలో, పాత ప్రత్యర్థి పీట్ ఇంటి పక్కన ఉంటాడు. పీట్ కొడుకు పీజే, మ్యాక్స్ ప్రాణమిత్రులు. తండ్రి ఏదో ఒక పని చెడగొట్టడం, మ్యాక్స్ విసుక్కోవడం, చివరకు అంతా చక్కబడటం ఇందులోని సాధారణ కథాచట్రం. ఆ విసుగు ఏ భాగంలోనూ ముదరదు. ముదిరితే మరుసటి రోజు భాగం నడవదు.

3. ధారావాహిక నుండి చలనచిత్రానికి:

కెవిన్ లీమాకు దర్శకుడిగా ఇది తొలిచిత్రం. ఆయన తరువాతి కాలంలో ‘టార్జాన్’ (1999) చిత్రానికి సహదర్శకత్వం వహించారు. ‘ఎన్‌చాంటెడ్’ (2007) చిత్రానికి దర్శకత్వం వహించారు. ‘ఎ గూఫీ మూవీ’ని డిస్నీ ప్రధాన యానిమేషన్ విభాగం నిర్మించలేదు. ఇది టెలివిజన్ విభాగానికి అనుబంధంగా తయారైంది. యానిమేషన్‌లో అధికభాగం ప్యారిస్‌లోని డిస్నీ స్టూడియోలో జరిగింది. 1995 ఏప్రిల్ 7న అమెరికాలో విడుదలైంది. ‘ది లయన్ కింగ్’ (1994) సాధించిన ఘనవిజయానికి, అదే ఏడాది వచ్చిన ‘పోకహాంటస్’, ‘టాయ్ స్టోరీ’ చిత్రాలకు మధ్య ఇది అంతగా పట్టించుకోబడని చిత్రంగా మిగిలింది.

అనుసరణలో జరిగిన ప్రధానమైన మార్పు వయస్సు. ధారావాహికలోని బాలుడు చిత్రంలో ఉన్నత పాఠశాల విద్యార్థి అయ్యాడు. అందుకు తగినట్టు గొంతు కూడా మారింది. ధారావాహికలో డానా హిల్ మ్యాక్స్‌కు గాత్రమిస్తే, చిత్రంలో జేసన్ మార్స్‌డెన్ మాటలకూ, ఆరన్ లోర్ పాటలకూ గాత్రమిచ్చారు. గూఫీ గొంతు మాత్రం మారలేదు. 1987 నుండి ఆ పాత్రకు గాత్రమిస్తున్న బిల్ ఫార్మర్ ఇందులోనూ కొనసాగారు. కొడుకు ఎదిగాడు, తండ్రి అలాగే ఉన్నాడు. కార్టూన్ పాత్రలకు వయస్సు రాదన్న నియమాన్ని ఒక్క పాత్ర విషయంలో సడలించి, మరొక పాత్ర విషయంలో అలాగే ఉంచడం వల్ల సంఘర్షణ దానంతటదే పుట్టింది.

4. హాస్యం – సిగ్గు: దృష్టికోణం మారడం:

నాట్యశాస్త్రం హాస్యాన్ని ఆత్మస్థం, పరస్థం అని రెండుగా విభజించింది. తాను నవ్వితే ఆత్మస్థం, ఇతరులను నవ్విస్తే పరస్థం. వికృతమైన వేషం, చేష్టలు, అసంబద్ధమైన మాటలు మొదలైనవాటిని హాస్యానికి విభావాలుగా పేర్కొంది. గూఫీ ఈ విభావాలన్నింటికీ నిలయం. పొడవాటి చెవులు, ముందుకు పొడుచుకొచ్చిన పళ్లు, అదుపు తప్పే కాళ్లు, విచిత్రమైన నవ్వు అతని సొత్తు. ‘గూఫీ’ అన్న పేరు ఆంగ్లంలో విశేషణం కూడా. తెలుగులో ‘తింగరి’, ‘వెర్రిబాగుల’ అన్న మాటలు దానికి దగ్గరగా వస్తాయి. అందువల్ల చిత్రం పేరులోనే శ్లేష ఉంది.

అయితే హాస్యానికి ఆలంబనమైన వ్యక్తి మనకు ఎవరూ కానంతవరకే ఆ నవ్వు హాయిగా ఉంటుంది. ఆ వ్యక్తి మన తండ్రి అయి, నవ్వేవారు మన తోటివారైతే అదే నవ్వు భారమవుతుంది. చిత్రం ఈ సత్యాన్ని తొలి దృశ్యంలోనే స్థాపించింది. పసిడి రంగు పొలంలో మ్యాక్స్, తాను ఇష్టపడే రాక్సాన్ కలుసుకుంటారు. అంతలో మ్యాక్స్ చెవులు సాగుతాయి, పళ్లు ముందుకు వస్తాయి, తండ్రి నవ్వే అతని నోటి నుండి వెలువడుతుంది. ఆమె భయపడుతుంది. అది పీడకల. ఇక్కడ మ్యాక్స్ భయం తండ్రి తనను నలుగురిలో నవ్వులపాలు చేస్తాడన్నంతటితో ఆగదు. తానే తండ్రిలా మారిపోతానన్న భయం అది. ప్రేక్షకుడు దశాబ్దాలుగా నవ్విన లక్షణాలే ఆ కలలో భయానకమయ్యాయి. ఒకే విభావం ద్రష్టను బట్టి వేరొక భావాన్ని కలిగించడానికి ఇది చక్కని ఉదాహరణ.

యాత్ర మొదలైన తరువాత ‘లెస్టర్స్ పాసమ్ పార్క్’ దృశ్యంలో ఈ అంశం మరింత స్పష్టమవుతుంది. పాతబడిన యాంత్రిక బొమ్మలు పాటలు పాడే ఆ వినోదశాలలో గూఫీ కొడుకును లాగి అందరి ముందూ నాట్యం చేయిస్తాడు. గూఫీ చేసినది ధారావాహికలో చేసేదే. కెమెరా మాత్రం ఈసారి మ్యాక్స్ ముఖాన్ని వదలదు. చుట్టూ ఉన్నవారి నవ్వు మనకు మ్యాక్స్ చెవులతోనే వినిపిస్తుంది.

5. పటం, సూప్ – అబద్ధం, వాత్సల్యం:

కథాగమనానికి మూలం రెండు అపార్థాలు. పాఠశాల చివరిరోజున మ్యాక్స్ వేదికపైకి చొరబడి, ‘పవర్‌లైన్’ అనే గాయకుడి వేషంలో పాడతాడు. ప్రధానోపాధ్యాయుడు గూఫీకి ఫోన్ చేసి, కుర్రవాడు ముఠా సభ్యుడిలా తయారై అల్లరి రేపాడని, ఈ దారి విద్యుత్ కుర్చీ దాకా పోతుందని హెచ్చరిస్తాడు. భయపడిన గూఫీ, తాను చిన్నతనంలో తన తండ్రితో వెళ్లిన దారిలోనే ఐడహోలోని ‘లేక్ డెస్టినీ’ అనే సరస్సుకు చేపల వేటకు కొడుకును బయలుదేరదీస్తాడు. రాక్సాన్‌తో కలిసి విందుకు వెళ్లవలసిన మ్యాక్స్, పరువు కాపాడుకోవడానికి మరొక అబద్ధం ఆడతాడు. తండ్రితో లాస్ ఏంజిలిస్ వెళ్తున్నానని, పవర్‌లైన్‌తో పాటు వేదికపై కనిపిస్తానని ఆమెకు చెబుతాడు. ఇద్దరికీ గమ్యాలు వేరు. కారు మాత్రం ఒకటే.

విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో వత్సలాన్ని ప్రత్యేకరసంగా అంగీకరించాడు. పుత్రాదులు దానికి ఆలంబనం, వారి చేష్టలు ఉద్దీపనం. ఈ చట్రంలో గూఫీ సమస్యను ఇలా నిర్వచించవచ్చు: అతని వాత్సల్యానికి ఆలంబనం ఎదురుగా ఉన్న యువకుడు కాదు, ఎన్నడో ఎదిగిపోయిన పసివాడు. సూప్ దృశ్యం దీనినే చూపుతుంది. అడవిలో బిగ్‌ఫుట్ అనే వింతజంతువుకు భయపడి తండ్రీకొడుకులు రాత్రంతా కారులో చిక్కుకుంటారు. అక్షరాల ఆకారంలో సేమియా ఉన్న డబ్బా సూప్‌ను కారులోని సిగరెట్ లైటర్‌తో వేడి చేసుకుంటారు. చిన్నప్పుడు మ్యాక్స్ ఆ అక్షరాలతో తండ్రికి పలకరింపులు పేర్చేవాడని గూఫీ గుర్తు చేసుకుంటాడు. మ్యాక్స్ మళ్లీ ఆ పలకరింపునే పేరుస్తాడు. చిత్రమంతటిలో తక్కువ మాటలతో నడిచే ఘట్టాలలో ఇదొకటి.

ఈ దృశ్యం వెంటనే తండ్రి నిద్రిస్తుండగా మ్యాక్స్ పటంలోని దారిని లాస్ ఏంజిలిస్ వైపు మార్చి గీస్తాడు. ఆత్మీయత, మోసం ఒకే రాత్రిలో పక్కపక్కన జరగడం కథకుల నేర్పు. మ్యాక్స్ ప్రేమ లేక అబద్ధమాడలేదు; ప్రేమ ఉన్నప్పటికీ ఆడాడు. మరునాడు గూఫీ దారి చూపే బాధ్యతను కొడుకుకే అప్పగించి, పటం అతని చేతికిస్తాడు. ఆ విశ్వాసం మ్యాక్స్‌కు విజయం కావలసింది, అదే అతనికి బరువవుతుంది.

తరువాత పీట్ మాటలను బట్టి గూఫీకి నిజం తెలుస్తుంది. అతను తొలుత నమ్మడు. పటం తీసి చూసిన తరువాత మౌనంగా ఉండిపోతాడు. నిలదీయకుండా, రెండు దారులు చీలే కూడలి వద్ద ఎటు వెళ్లాలో చెప్పమని కొడుకునే అడుగుతాడు. మ్యాక్స్ తడబడి కాలిఫోర్నియా దారినే చూపుతాడు. ఎప్పుడూ నవ్వే గూఫీ ముఖంలో కోపం, బాధ కలిసి కనిపించే ఈ ఘట్టం చిత్రానికి ఆయువుపట్టు. 1932 నుండి నవ్వుకు పర్యాయపదంగా నిలిచిన పాత్ర ఇక్కడ నవ్వడం మానేసింది. ఆ మౌనం బరువు ప్రేక్షకుడికి తెలియడానికి కారణం, అంతకుముందున్న ఆరు దశాబ్దాల నవ్వే.

6. పీట్ – ప్రతితండ్రి:

చిత్రంలో గూఫీకి సమాంతరంగా పీట్ పాత్ర నడుస్తుంది. పిల్లలను అదుపులో పెట్టాలన్నది అతని సిద్ధాంతం. పీజే తండ్రికి భయపడి చెప్పినట్టు నడుచుకుంటాడు. తన కొడుకు తనను ప్రేమిస్తాడని గూఫీ అంటే, తన కొడుకు తనను గౌరవిస్తాడని పీట్ బదులిస్తాడు. గౌరవం, ప్రేమ అన్న రెండు కొలమానాల మధ్య తేడాను ఈ సంభాషణ స్పష్టం చేస్తుంది.

అయితే చిత్రం గూఫీని పూర్తిగా సమర్థించదు. అదుపు చేయకపోయినా, కొడుకును అడగకుండానే అతని వేసవిని నిర్ణయించినది గూఫీయే. పీట్ ఆజ్ఞతో చేసేదాన్ని గూఫీ ప్రేమతో చేశాడు. అడగని ప్రేమ కూడా ఒక రకమైన అధికారమేనన్న గ్రహింపు ఈ పాత్రల జంట వల్ల కలుగుతుంది. నదిలో కొట్టుకుపోతున్న కారుపై జరిగే వాగ్వాదంలో మ్యాక్స్ తనకంటూ ఒక జీవితం ఉందంటాడు. ఆ సంగతి తనకు తెలుసునని, అందులో తనకూ చోటు కావాలని మాత్రమే కోరుకున్నానని గూఫీ చెబుతాడు. అక్కడ మొదటిసారిగా అతను నిర్ణయించడం మాని, అడుగుతాడు.

7. వారసత్వం – గాలం, నవ్వు:

చిత్రంలో వారసత్వానికి రెండు చిహ్నాలున్నాయి. మొదటిది గాలం విసిరే పద్ధతి. గూఫీ వంశంలో తరతరాలుగా వస్తున్న ఆ విన్యాసం మ్యాక్స్‌కు మొదట హాస్యాస్పదంగా తోస్తుంది. జలపాతం అంచున తండ్రి పడిపోతుండగా మ్యాక్స్ అదే పద్ధతిలో గాలం విసిరి అతనిని కాపాడతాడు. తరువాత లాస్ ఏంజిలిస్ వేదికపై పవర్‌లైన్ ఎదుట ఇద్దరూ అదే విన్యాసాన్ని నాట్యంగా ప్రదర్శిస్తారు. తండ్రి ఇచ్చినది కొడుకు కాలానికి, కొడుకు సంగీతానికి తగినట్టు రూపం మార్చుకుంది. సంప్రదాయం నిలవడమంటే ఇదేనని చిత్రం సూచిస్తుంది. వారు బయలుదేరిన సరస్సుకు మాత్రం చిత్రంలో చేరనే చేరరు. ఆంగ్లంలో ఆ సరస్సు పేరుకు ‘విధి’ అని అర్థం. తాత నడిచిన దారిలోనే మనవడూ నడవాలన్న విధి నెరవేరలేదు, కానీ తాత నేర్పిన విద్య అక్కరకు వచ్చింది.

రెండవ చిహ్నం నవ్వు. వేదికపై కనిపించడంతో మ్యాక్స్ అబద్ధం నిజమైపోయింది. టెలివిజన్‌లో అందరూ అతనిని చూశారు. ఇక ఒప్పుకోవలసిన అవసరం లేదు. అయినా అతను రాక్సాన్ ఇంటికి వెళ్లి నిజం చెబుతాడు. ఆమె, అతని వింతనవ్వు విన్ననాటి నుండే తనకు అతనంటే ఇష్టమని తెలుపుతుంది. తొలి దృశ్యంలో పీడకలగా ఉన్న నవ్వే చివరకు అతని ఆకర్షణ అయింది. అంతలో కారు పేలి, గూఫీ పైకప్పు చీల్చుకుని వారి మధ్య పడతాడు. మ్యాక్స్ ఈసారి సిగ్గుపడడు. తండ్రిని ఆమెకు పరిచయం చేస్తాడు. గూఫీ పడటం ధారావాహికలోని పాత హాస్యమే. దానిని చూసే కొడుకు మారాడు.

8. పరిమితులు, ఆదరణ:

చిత్రంలో లోపాలు లేకపోలేదు. రాక్సాన్ పాత్ర మ్యాక్స్ కోరికకు ఆలంబనంగానే మిగిలింది. ఆమెకు స్వతంత్రమైన కథ లేదు. మ్యాక్స్ తల్లి గురించి ఒక్క మాట కూడా లేదు. తండ్రీకొడుకుల ఒంటరితనానికి ఆ లేమి నేపథ్యమైనప్పటికీ కథ దానిని స్పృశించదు. పీట్, పీజేల సంబంధానికి పరిష్కారం చూపకపోవడం మరొక వెలితి. అబద్ధం అద్భుతం వల్ల నిజమవడం కూడా సులభమైన మార్గమే. అయితే ఆ తరువాత వచ్చే స్వచ్ఛంద అంగీకారం ఈ చివరి లోపాన్ని కొంతవరకు పూరిస్తుంది.

విడుదలైనప్పుడు అమెరికాలో సుమారు 3.5 కోట్ల డాలర్లు మాత్రమే వసూలయ్యాయి. ఇంటి వీడియోల ద్వారా, టెలివిజన్ ప్రసారాల ద్వారా 1990ల పిల్లలకు ఇది చేరువైంది. 2000లో ‘యాన్ ఎక్స్‌ట్రీమ్లీ గూఫీ మూవీ’ అనే కొనసాగింపు నేరుగా వీడియోగా వచ్చింది. 2015లో డిస్నీ అభిమానుల సమ్మేళనమైన డీ23 ఎక్స్‌పోలో ఇరవయ్యేళ్ల వేడుక జరిగింది. ఆఫ్రికన్ అమెరికన్ ప్రేక్షకులలో ఈ చిత్రానికి ప్రత్యేకమైన ఆదరణ ఉంది. పవర్‌లైన్‌కు గాత్రమిచ్చిన టెవిన్ క్యాంప్‌బెల్ ఆర్ అండ్ బీ గాయకుడు కావడం అందుకు ఒక కారణం. 2022లో ‘అట్లాంటా’ ధారావాహిక ఈ చిత్రం పుట్టుక గురించి కల్పిత డాక్యుమెంటరీ రూపంలో ఒక పూర్తి భాగాన్నే ప్రసారం చేసింది. ఒకప్పుడు మ్యాక్స్ వైపు నుండి చూసిన తరం, తల్లిదండ్రులై ఇప్పుడు గూఫీ వైపు నుండి చూడగలగడం ఈ చిత్రం నిలిచి ఉండటానికి మరొక కారణమని భావించవచ్చు.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. ధారావాహికను చలనచిత్రంగా మలచడంలో సాహసాన్ని పెంచడం ఒక్కటే మార్గం కాదు. ధారావాహిక నియమం అణచి ఉంచిన ఫలితాన్ని వెలికి తీయడం మరొక మార్గం. ‘ఎ గూఫీ మూవీ’ ఈ రెండవ మార్గాన్ని అనుసరించింది.

2. గూఫీ స్వభావం మారలేదు. అతని తడబాటును కొడుకు వైపు నుండి చూపడం వల్ల హాస్యవిభావాలే సిగ్గుకు, ఆపైన ఆర్ద్రతకు కారణాలయ్యాయి.

3. వాత్సల్యానికి ఆలంబనమైన బిడ్డ ఎదిగినప్పుడు ఆ వాత్సల్యం కూడా రూపం మార్చుకోవాలి. గూఫీ నిర్ణయించడం నుండి అడగడానికి మారడమే ఇక్కడి పరిణామం.

4. పటం, సూప్, గాలం, నవ్వు అన్న నాలుగు సాధారణ వస్తువిషయాలు కథాబీజాన్ని మోస్తున్నాయి. వారసత్వం తిరస్కరించవలసినదీ, యథాతథంగా మోయవలసినదీ కాదని, తన కాలానికి తగినట్టు మలచుకోవలసినదని గాలం, నవ్వు చిహ్నాలు తెలుపుతున్నాయి.

5. బాలల కోసమని పక్కన పెట్టే యానిమేషన్ చిత్రాలను రసదృష్టితో పరిశీలిస్తే, హాస్య వత్సలాల పరస్పరసంబంధంపై కొత్త వెలుగు ప్రసరించే అవకాశం ఉంది. ఈ దిశలో మరిన్ని పరిశోధనలు జరగవలసి ఉంది.